సద్దుల బతుకమ్మకు ఐదు సద్దులు: ఇరవై ఎనిమిది మందికి ఒక్క పగట్లో ఎలా వండాలి

సద్దుల బతుకమ్మ నాడు వంట కష్టమైందేమీ కాదు. పులిహోర కలపడం రాని ఇల్లు మన దగ్గర ఎక్కడుంది? కష్టమంతా పువ్వు పనీ పొయ్యి పనీ ఒకే పగటి మీద పడటంలో ఉంది. పొద్దున్నే తంగేడు, గునుగు, బంతి మూటలు వాకిట్లో పడతాయి. సాయంత్రం ఐదున్నరకల్లా బతుకమ్మ గడప దాటాలి. పేర్చడానికి ఎంత లేదన్నా మూడు గంటలు. ఆ మూడు గంటలూ వంటింట్లో చెయ్యి తిరిగిన వాళ్లంతా పూల దగ్గరే ఉంటారు. ఐదు సద్దులు (కలిపిన అన్నాలు), సత్తులు (గింజల తీపి పొడులు), మలీద (రొట్టె, బెల్లం ముద్దలు) ఎవరు చేయాలి, ఎప్పుడు చేయాలి?

హన్మకొండలో మా ఇంట్లో అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఈ వంట నా చేతికొచ్చింది. మొదటి రెండేళ్లు పొద్దున్నే లేచి ఏది గుర్తొస్తే అది చేసుకుంటూ పోయాను. రెండో ఏడు కొబ్బరి సద్ది పొద్దున పదింటికే కలిపి, వేడి మీదే స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాను. రాత్రి తొమ్మిదింటికి చెరువు గట్టు మీద మూత తీస్తే అన్నం జిగురెక్కి, ఒక రకమైన వాసన. ఆడబిడ్డలు ఏమీ అనలేదు, పక్కన పెట్టేశారు. ఆ ‘ఏమీ అనకపోవడం’ ఉందే, దాని తర్వాతే నేను కాగితం, పెన్ను పట్టుకున్నాను.

అప్పుడు తెలిసింది ఏమిటంటే, ఈ వంటను పొద్దున నుంచి ముందుకు కాదు, బతుకమ్మ బయల్దేరే గంట నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. ఇంకో సంగతి. ఈ అన్నాన్ని ఎవరూ పొయ్యి పక్కన కూర్చుని తినరు. చేసిన నాలుగైదు గంటలకు, చల్లారిపోయాక, చెరువు గట్టు మీద సగం వెలుగులో చేతిలో పెట్టుకుని తింటారు. ఆ పూటకు బాగుండేలా వండాలి.

తేదీ చూసుకోండి, తలలు లెక్కపెట్టుకోండి

పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో బతుకమ్మ సద్దులది, దుర్గాష్టమి నాడు. తిథి రెండు రోజుల మీద పడిన ఏడు ఊళ్లో రెండు మాటలు వినిపిస్తాయి. వేములవాడ దిక్కు ఏడో రోజే సద్దులు చేస్తారు. మీ వాడకట్టులో ఏ రోజు ఆడుతున్నారో వారం ముందే అడిగి పెట్టుకోండి. పాలు, పెరుగు, కొబ్బరికాయలు ఒక రోజు తేడాతో కొన్నారంటే మళ్లీ ఖర్చు.

తలల లెక్క మామూలు విందులా ఉండదు. పెళ్లి భోజనంలో మనిషి ఒకే అన్నం కడుపునిండా తింటాడు. ఇక్కడ ఐదు రకాలు కాస్త కాస్త తింటారు, పైగా పక్కింటి వాళ్ల సద్దులు కూడా వచ్చి చేతిలో పడతాయి. అందుకని పెద్దవాళ్లకు మనిషికి 100 గ్రాముల బియ్యం, పిల్లలకు 50 గ్రాములు సరిపోతాయి. మా ఇంట్లో ఇరవై మంది పెద్దలు, ఎనిమిది మంది పిల్లలు అవుతారు, అంటే 2 కిలోల 400 గ్రాములు. దాని మీద ఇచ్చిపుచ్చుకోవడానికి ఇంకో 600 గ్రాములు. మొత్తం 3 కిలోలు. ఈ ఆరువందల గ్రాములు మర్చిపోతే గట్టు మీద చెయ్యి ముడుచుకోవాల్సి వస్తుంది. ఎవరో ప్రేమగా నువ్వుల సద్ది పెడితే, బదులుగా పెట్టడానికి మన డబ్బాలో ఏమీ ఉండదు.

ఆ మూడు కిలోలను నేను ఇలా పంచుతాను:

- చింతపండు పులిహోర: 1 కిలో
- పెరుగు సద్ది: 750 గ్రాములు
- నిమ్మకాయ సద్ది: 500 గ్రాములు
- నువ్వుల సద్ది: 400 గ్రాములు
- కొబ్బరి సద్ది: 350 గ్రాములు

ఐదూ సమానంగా చేస్తే కొబ్బరిది మిగులుతుంది, పులిహోర చాలదు. ప్రతి ఏడూ ఇదే. పిల్లలు ఎక్కువున్న ఇల్లయితే పెరుగు సద్ది కిలోకు పెంచి కొబ్బరిది తగ్గించండి. ఇంట్లో ఇద్దరో ముగ్గురో ఉంటే ఐదు రకాల పట్టుదల వద్దు. చింతపండు, పెరుగు, నువ్వులు, ఈ మూడు చేసుకుంటే గౌరమ్మకు లోటేమీ ఉండదని మా అత్తమ్మే అంటుంది. ఆమె కంటే ఆచారం పట్టింపున్న మనిషిని నేను చూడలేదు.

ఆ రోజు సద్దుల్లో, సత్తుల్లో ఉల్లిగడ్డ, ఎల్లిపాయ వేయం. నైవేద్యానికి వేరు, తినడానికి వేరు అని రెండు వంటలు పెట్టుకోకండి. అన్నీ నైవేద్యం లెక్కనే చేసేస్తే పని సగమవుతుంది.

అలిగిన రోజు బజారుకు పోవాలి

తొమ్మిది రోజుల్లో ఆరోది అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యమూ ఉండదు. అమ్మవారు అలిగితే అలిగింది గానీ, వంటమనిషికి మాత్రం దొరికిన ఒకే ఒక్క ఖాళీ పూట అది. సామాన్లు ఆ రోజే తెచ్చేసుకోండి. ఎనిమిదో రోజు దాకా ఆగితే పూల రేట్లతో పాటు నిమ్మకాయల రేటు కూడా కొండెక్కి కూర్చుంటుంది.

ఈ మూడు కిలోల లెక్కకు తెచ్చుకోవాల్సినవి: చింతపండు 150 గ్రాములు, నువ్వులు 600 గ్రాములు, పల్లీలు అర కిలో, పుట్నాలు పావు కిలో, బెల్లం కిలో, చక్కెర అర కిలో, గోధుమపిండి అర కిలో, నూనె లీటరు, నెయ్యి పావు కిలో, నిమ్మకాయలు ఎనిమిది, కొబ్బరికాయలు రెండు. కొబ్బరికాయ నిజానికి ఒక్కటే చాలు. కానీ కొట్టాక కుళ్లిందని తేలితే ఆ పూట మళ్లీ ఎవరు పరుగెత్తుతారు? పాలు, పెరుగు, కరివేపాకు, కొత్తిమీర మాత్రం తొమ్మిదో రోజు పొద్దున్నే.

చింతపండు గురించి ఒక మాట. మన దగ్గర కొత్త చింతపండు ఉగాది ముందు వస్తుంది. బతుకమ్మ నాటికి దానికి ఆరు నెలలు దాటుతాయి కాబట్టి నల్లబడి ఉంటుంది, గుజ్జు కూడా ముదురు రంగులో దిగుతుంది. పులిహోర పసుప్పచ్చగా రావాలని పసుపు ఎక్కువ పోస్తే చేదు తగులుతుంది. అన్నం వార్చగానే, వేడి మీద నూనెతో పాటు పసుపు పట్టించండి. గుజ్జు నల్లగా ఉన్నా రంగు నిలుస్తుంది.

ఎండుమిరపకాయల్లో మన వరంగల్ చపాటా దొరికితే ఒక గుప్పెడు తీసుకోండి. టమాటాలా గుండ్రంగా, బొద్దుగా ఉంటుంది. రంగు బాగా ఎరుపు, కారం చాలా తక్కువ. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నువ్వుల సద్దిలో దీన్ని వేస్తే పొడికి మంచి రంగు వస్తుంది, పిల్లలు నోరు మంట అనకుండా తింటారు. పులిహోర తాలింపులో మాత్రం మామూలు ఎండుమిర్చే ఉండాలి. పులుపు పక్కన కారం లేకపోతే అది పులిహోర ఎట్లా అవుతుంది?

ఏడు, ఎనిమిది రోజుల్లో: వేయించే పని, దంచే పని, గొజ్జు

ఏడో రోజు వేపకాయల బతుకమ్మ. బియ్యప్పిండిని వేపపండ్ల ఆకారంలో చేసి నూనెలో వేయిస్తాం. కడాయి ఎలాగూ పొయ్యి మీదే ఉంటుంది. వేపకాయలు కాకముందే అదే పొడి కడాయిలో పల్లీలు, నువ్వులు వేయించి పెట్టుకోండి. ఎనిమిదో రోజు వెన్నముద్దలకు నువ్వులు, బెల్లం ఎట్లాగూ కావాలి. అంటే 600 గ్రాముల నువ్వులూ ఒక్కసారే వేగిపోవాలి: ముద్దలకు పావు కిలో, సత్తుకు పావు కిలో, సద్దికి 100 గ్రాములు. మూడు రోజులు మూడుసార్లు వేయించడం గ్యాసుకీ దండగ, మనిషికీ దండగ.

నువ్వులు సన్నటి మంట మీద, చేయి ఆపకుండా కలుపుతూ వేయించాలి. చిటపటలాడటం మొదలై, ఒక గింజ నలిపితే పొడిగా విరిగితే చాలు. రంగు మారేదాకా ఆగితే మీరు దించేలోపే కడాయి వేడికి మాడుతాయి. మాడిన నువ్వుల చేదును ఏ బెల్లమూ దాచలేదు. దించగానే వెడల్పు తాంబాళంలో పోసి చల్లార్చండి.

సత్తులు ఎనిమిదో రోజు మధ్యాహ్నం పట్టుకోండి. మేం మూడు చేస్తాం: నువ్వుల సత్తు, పల్లీల సత్తు, పుట్నాల సత్తు. కొందరు మక్కజొన్న పేలాలతో, పెసర్లతో కూడా చేస్తారు. పావు కిలో గింజకు 150 గ్రాముల తీపి లెక్క. నువ్వులకు బెల్లం, మిగతా రెంటికి చక్కెర పొడి, ఇది నా లెక్క. పుట్నాల సత్తులో బెల్లం వేస్తే రుచి బాగానే ఉంటుంది గానీ మరునాటికి గడ్డలు కడుతుంది, పంచేటప్పుడు చెంచాకు రాదు. మిక్సీ ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే నువ్వులు, పల్లీలు నూనె వదిలి ముద్దయిపోతాయి. ‘తొమ్మిదో రోజు పొద్దున పడదాంలే’ అనుకోవద్దు, ఆ రోజు కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు.

ఇక ఎనిమిదో రోజు రాత్రి చేయాల్సిన అసలు పని పులిహోర గొజ్జు. 150 గ్రాముల చింతపండును వేడినీళ్లలో అరగంట నానబెట్టి చిక్కగా గుజ్జు తీయండి. మందపాటి గిన్నెలో 150 మిల్లీలీటర్ల నూనె కాగాక ఆవాలు, గుప్పెడు శనగపప్పు, అంతకు సగం మినప్పప్పు, డజను ఎండుమిరపకాయలు, నిలువుగా చీరిన పచ్చిమిరపకాయలు పది, కరివేపాకు, ఇంగువ వేసి గుజ్జు పోయండి. రెండు పెద్ద చెంచాల ఉప్పు, నిమ్మకాయంత బెల్లం వేయండి. సన్నటి సెగ మీద ఇరవై నిమిషాలు ఉడికితే నూనె పైకి తేలుతుంది. తేలేదాకా దించొద్దు. పల్లీలు మాత్రం ఇప్పుడే వేయకండి. రాత్రంతా గొజ్జులో నానితే మెత్తబడి ఉడకబెట్టిన పల్లీల్లా అవుతాయి. వాటిని రేపు అన్నం కలిపేటప్పుడు వేద్దాం.

గొజ్జు రుచి చూసినప్పుడు ముఖం చిట్లిపోయేంత పుల్లగా, ఉప్పగా ఉండాలి. చల్లారిన అన్నం రుచిని మింగేస్తుంది. పొయ్యి దగ్గర కాస్త ఎక్కువైంది అనిపించిందే చెరువు దగ్గర సరిగ్గా ఉంటుంది.

అన్నం దగ్గరే అంతా తేలుతుంది

ఐదు సద్దులకూ అన్నం ఒక్కటే అనుకుంటే తప్పు. నాలుగింటికి పొడిపొడిగా కావాలి, పెరుగు సద్దికి మెత్తగా కావాలి. కాబట్టి రెండు వేర్వేరు వంటలు: పొడి అన్నం 2 కిలోల 250 గ్రాములు, మెత్తటిది 750 గ్రాములు.

బియ్యం పాతవి కావాలి. వానాకాలం పంట ఇంకా పొలంలోనే ఉంటుంది కాబట్టి కొత్త బియ్యం భయం తక్కువే. అయినా దుకాణంలో అడిగి, యాసంగివి లేదా అంతకంటే పాతవి తీసుకోండి. సాంబ మసూరి పాతవైతే మెతుకు విరగకుండా నిలుస్తుంది. ఇంట్లో రోజూ తినే సన్నబియ్యం ఏదైనా సరే, రెండు రోజుల ముందు ఒక గ్లాసు వండి చూసుకుంటే నష్టం లేదు.

ఇంటి గిన్నెల్లో రెండుంపావు కిలోలు ఒకేసారి వండితే కింద మెత్తగా, పైన పలుకుగా అవుతుంది. రెండు వాయిల్లో చేయండి. బియ్యం కడిగి ఇరవై నిమిషాలు నానబెట్టి, బియ్యానికి ఐదారింతల ఎసరు మసలుతున్నప్పుడు పోయాలి. మెతుకు నలిపితే నడుమ సన్నటి పలుకు తగలాలి, అప్పుడే వార్చేయాలి. గంజి దిగాక ఉన్న వేడితోనే ఆ పలుకు మగ్గిపోతుంది. అన్నం వార్చే పని మా ఇంట్లో మగవాళ్లది. ఆ బరువు గిన్నె వంచడం చేతులకు పని, చీరలో ఉన్నవాళ్లకు ప్రమాదం. పైగా ఆ రోజు వాళ్లకు వేరే పని ఏముంది, ఒక్క తంగేడు తేవడం తప్ప! కుక్కర్లో వండేవాళ్లు రోజూ పోసే నీళ్లలో గ్లాసుకు పావు గ్లాసు తగ్గించి, ఆవిరి పోయిన వెంటనే బయటికి తీసేయండి.

వార్చిన అన్నాన్ని వెంటనే పెద్ద తాంబాళాల్లో, లేకపోతే ఉతికిన తెల్లగుడ్డ మీద పలచగా పరిచి, ఫ్యాను వేసి చల్లార్చాలి. ఇది రుచి కోసం మాత్రమే అనుకోకండి. బియ్యంలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి గుట్టగా ఉంటే అవి పెరిగి వాంతులు, విరేచనాలు తెస్తాయి. పలచగా పరిచిన అన్నం త్వరగా చల్లారుతుంది. గుట్టగా పోసింది లోపల రెండు గంటలైనా వెచ్చగానే ఉంటుంది. చింతపండు, నిమ్మ పులుపున్న అన్నాలు కొంత తట్టుకుంటాయి. కొబ్బరి, పెరుగు తట్టుకోవు. వంట వరుస కూడా దీన్ని బట్టే పెట్టుకోవాలి, ముందు పులుపువి, చివర్న పెరుగు, కొబ్బరివి. నేను ఆ ఏడు సరిగ్గా తలకిందులు చేశాను.

ఇక్కడే ఇంకో హెచ్చరిక. గునుగు పూలకు రంగులద్దడానికి వేడినీళ్లు కాచుకుంటారు కదా, ఆ గిన్నె, ఆ గంటె వంటింట్లోకి రాకూడదు. అవి తినే రంగులు కావు. రంగుకు ఒక పాత బకెట్టు విడిగా పెట్టండి. రంగు చేతులతో అన్నం కలపబోయిన వాళ్లను మా ఇంట్లో నేనే రెండుసార్లు ఆపాను.

కలిపే వరుస

*పులిహోర.* అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడే గొజ్జు కలపాలి, పులుపు మెతుకు లోపలికి పోతుంది. వేయించిన పల్లీలు 150 గ్రాములు, గుప్పెడు నువ్వుల పొడి పైన చల్లండి. మన దిక్కు పులిహోరకు కమ్మదనం ఆ నువ్వుల పొడితోనే వస్తుంది. గొజ్జు అంతా ఒకేసారి పోయకుండా రెండు గంటెలు పక్కన పెట్టుకోండి. సాయంత్రం డబ్బాకెత్తే ముందు రుచి చూసి, పులుపు దిగిపోతే అప్పుడు కలపొచ్చు.

*నువ్వుల సద్ది.* వేయించిన నువ్వులు 100 గ్రాములు, వేయించిన ఎండుమిర్చి ఆరేడు, ఉప్పు కలిపి బరకగా పొడి చేసి, ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు తాలింపుతో అన్నంలో కలపాలి. తాలింపులో నూనె ధారాళంగా ఉండాలి. నువ్వుల పొడి నూనెను పీల్చేసుకుని, రాత్రికి అన్నం గొంతులో దిగకుండా చేస్తుంది. నా లెక్కన ఐదింటిలోకీ చల్లారాక రుచి పెరిగేది ఇదొక్కటే.

*నిమ్మకాయ సద్ది.* అర కిలో బియ్యానికి ఏడు కాయలు. తాలింపు దించి, పూర్తిగా చల్లారాక రసం పోయాలి. పొయ్యి మీద పోస్తే చేదెక్కుతుంది. అన్నం కూడా బాగా చల్లారి ఉండాలి. గింజలు పడనివ్వకండి, చీకట్లో కొరికినవాళ్లు మిమ్మల్నే తలుచుకుంటారు.

*పెరుగు సద్ది.* ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. మధ్యాహ్నం అన్నంలో పెరుగు కలిపేస్తే రాత్రికి పులిసి, నీళ్లన్నీ ఇంకి గట్టిముద్దవుతుంది. 750 గ్రాముల బియ్యాన్ని మెత్తగా వండి, వేడి మీదే గంటెతో మెదిపి చల్లార్చండి. కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు లీటరున్నర, ఒక కప్పు తాజా పెరుగు కలపండి. మూడింటికి కలిపితే రాత్రి ఎనిమిదిన్నరకు అన్నంలోనే తోడుకుని తియ్యటి పెరుగులా ఉంటుంది. కలిపినప్పుడు జారుగా, కాస్త పాయసంలా ఉండాలి. భయపడకండి, గట్టిపడుతుంది. అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, చల్లారిన తాలింపు, ఉప్పు అన్నీ డబ్బాకెత్తే ముందే. దానిమ్మ గింజలు బాగుంటాయి. దోసకాయ ముక్కలు వద్దు, నీరు వదులుతాయి. ఒక సీసాలో అర లీటరు పలచటి మజ్జిగ విడిగా పట్టుకుపోండి. గట్టిపడితే అక్కడే కలుపుకోవచ్చు.

*కొబ్బరి సద్ది.* అన్నిటికంటే చివర. పచ్చికొబ్బరి తురుమును నెయ్యిలో పచ్చివాసన పోయేదాకా మాత్రమే వేయించి, జీడిపప్పు, మినప్పప్పు తాలింపుతో చల్లటి అన్నంలో కలపండి. నాలుగు దాటకముందు దీన్ని ముట్టుకోవద్దు. గట్టు మీద మొదట పంచాల్సింది కూడా ఇదే.

మలీద

మలీదను పొద్దున్నే, స్నానం కాగానే చేసేయాలి. అర కిలో గోధుమపిండితో కాస్త మందంగా రొట్టెలు చేసి, నెయ్యి రాసి, వేడి తగ్గకముందే తుంచి చేత్తో నలపండి. 300 గ్రాముల బెల్లం తురుము, యాలకుల పొడి, ఎండుకొబ్బరి వేసి, నెయ్యి చిలకరిస్తూ పిసకాలి. రొట్టె వెచ్చగా ఉంటేనే బెల్లం కరిగి ముద్ద కడుతుంది. చల్లారాక మిక్సీలో వేసి పొడి చేసే పద్ధతి ఒకటుంది. అది మలీద కాదు, తీపి రవ్వ. మా అమ్మ వాళ్లింట్లో జొన్నరొట్టెతో చేసేవాళ్లు. ఆ రుచి వేరే, కానీ ఆ ముద్ద నిలవదు, వెంటనే తినాలి. నిమ్మకాయంత ముద్దలు ముప్పై దాకా వస్తాయి.

ఆ రోజు గడియారం

ఐదున్నరకు బయల్దేరాలి అనుకుంటే మా వంటింటి గోడ మీద కాగితం ఇలా ఉంటుంది. కింది నుంచి పైకి రాసుకున్నాను, చదవడానికి పై నుంచి కిందికి పెడుతున్నాను.

- 8:00 – మలీద. పాలు కాచి పక్కన పెట్టడం.
- 9:30 – పూలు విడదీయడం. వంటింట్లో ఒక్కరు చాలు.
- 11:00 – పొడి అన్నం మొదటి వాయి, వెంటనే రెండోది.
- 12:15 – పులిహోర కలపడం.
- 1:00 – మధ్యాహ్న భోజనం.
- 1:30 – నువ్వుల సద్ది. ఆ తర్వాత అందరూ బతుకమ్మ దగ్గరికి.
- 2:00 – మెత్తటి అన్నం కుక్కర్లో. పెద్దపిల్లలకు అప్పగించొచ్చు.
- 2:30 – నిమ్మకాయ సద్ది.
- 3:00 – పెరుగు సద్దికి పాలు పోయడం.
- 4:15 – కొబ్బరి సద్ది.
- 4:45 – గౌరమ్మకు నైవేద్యం తీసి, డబ్బాలకెత్తడం.

కొబ్బరి, నిమ్మ సద్దుల అన్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఊరికే ఉంటుందే అంటారేమో. ఫ్రిజ్‌లో చోటుంటే ఆ రెంటి అన్నం చల్లారగానే వెడల్పు గిన్నెలో లోపల పెట్టండి. చోటు లేకపోతే ఆ 850 గ్రాములు పొద్దున వండకండి, రెండింటికి మెత్తటి అన్నంతో పాటు పక్క పొయ్యి మీద వండి నిమ్మకాయది మూడున్నరకు జరపండి. ఇప్పుడు నేను ఇట్లాగే చేస్తున్నాను. పొద్దున వాయి కూడా చిన్నదవుతుంది.

మధ్యాహ్న భోజనాన్ని మాత్రం విందు చేయకండి. ముద్దపప్పు, పచ్చిపులుసు, అప్పడాలు. పచ్చిపులుసుకు పొయ్యే అక్కర్లేదు, చింతపండు పిసికి పచ్చిమిర్చి, కొత్తిమీర, కాస్త నువ్వుల పొడి, ఉప్పు వేస్తే అయిపోతుంది. దాంట్లో ఉల్లిగడ్డ వేయాలా వద్దా అన్నది మీ ఇంటి పట్టింపు. మాకు ఆ రోజు వద్దు. కొత్త అల్లుడు వచ్చాడని మధ్యాహ్నం ఎనిమిది రకాలు చేసిన ఇళ్లను చూశాను. వాళ్ల బతుకమ్మ ఏడింటికి గాని గడప దాటలేదు. అల్లుడికి ఎల్లుండి దసరా ఉంది కదా, అప్పుడు చూసుకుంటాడు.

డబ్బాలు, గట్టు, పంపకం

సద్దిని మూత పెట్టే ముందు చేత్తో ముట్టుకుని చూడండి. కొంచెం వెచ్చగా ఉన్నా మూతకు చెమట పట్టి నీళ్లు అన్నంలోకి కారతాయి. ఒక్కో రకానికి ఒక్కో డబ్బా, ఒక్కో చెంచా. ఒకే చెంచా తిప్పితే పెరుగు సద్ది పసుపు రంగులోకి మారుతుంది. మూతల మీద చిన్న కాగితం అతికించి పేర్లు రాయండి, చీకట్లో అన్ని డబ్బాలూ ఒక్కలాగే ఉంటాయి.

పద్మాక్షి గుట్ట దగ్గరైనా, భద్రకాళి చెరువైనా, వడ్డేపల్లి చెరువైనా ఆ సాయంత్రం బండి దగ్గరిదాకా పోదు. బతుకమ్మ ఎత్తుకున్నవాళ్లు చేతిలో ఇంకేమీ పట్టుకోలేరు. కాబట్టి డబ్బాలు మోసే ఇద్దరెవరో ఇంటి దగ్గరే తేల్చుకోండి. రెండు సంచుల్లో సమానంగా సర్దండి. సత్తులు, మలీద సంచిలో పైన, ఎందుకంటే ముందుగా తీసేవి అవే. మోదుగ విస్తరాకులు, తాగే నీళ్లు, చేతులు కడగడానికి వేరే నీళ్లు, టార్చి, చెత్తకు ఒక సంచి. నీళ్లలోకి పోవాల్సింది పువ్వులే, విస్తరాకులు కాదు.

ఆట అయ్యి, బతుకమ్మను నీళ్లలో వదిలాక సత్తులు ముందు. ‘ఇస్తినమ్మ వాయనం’ అంటే ‘పుచ్చుకుంటినమ్మ వాయనం’ అనుకుంటూ పంచుకుంటారు. అప్పుడు ఎవరి చెంచా ఎవరి డబ్బాలో ఉందో తెలియదు, అందుకే సత్తును ముందే చిన్న కాగితం పొట్లాలుగా కట్టి పెట్టుకుంటే హాయి. నలభై పొట్లాలు మా పిల్లలు మధ్యాహ్నం కట్టేస్తారు, పది తినేస్తారు. ఆ తర్వాత సద్దులు: కొబ్బరి, పెరుగు ముందు, నిమ్మ, నువ్వులు తర్వాత, పులిహోర చివరికి. ఆకలి మీద ఉన్న పిల్లలు పులిహోర ముందడుగుతారు. ఒక ముద్ద పెట్టి, పెరుగు వైపు తిప్పండి.

ఇంటికి తిరిగొచ్చాక మిగిలిన కొబ్బరి సద్ది, పెరుగు సద్ది దాచకండి. పులిహోర మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున కడాయిలో నాలుగు చుక్కల నూనె వేసి వేడి చేసుకోవచ్చు. పక్కన పెట్టుకున్న ఆ రెండు గంటెల గొజ్జు వాడకుండా ఉంటే సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, వారం దాకా ఆగుతుంది. దసరా మర్నాడు, మటన్ కూర తిని తిని విసుగొచ్చిన పొద్దున, ఒక గ్లాసు బియ్యం వండి అందులో కలిపి చూడండి. గిన్నె ఖాళీ అవడానికి ఐదు నిమిషాలు పట్టదు.